ఏవండీ అంటే అందరూ పలికారు

పోయినవారం మనం హెప్సిబాను విడిచిపెట్టింది చర్చి వెనక గట్టు మీద. చేతిలో పరాయిదేశపు ఆవిడ ఫోను, అందులో ఒక ఫొటో. ఆ ఫొటో చూసి ఆమె ఉన్నచోటే ఆగిపోయింది. వారం రోజుల్లో సగం మరిచిపోవడం ఎవరికైనా సహజమే కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను.

హాలెండు నుంచి సొంత బండిలో బయల్దేరి, ఎనిమిది నెలలుగా దేశం తర్వాత దేశం దాటుకుంటూ వచ్చిన ముసలి దంపతులు యోహాన్, మార్తా. కైకలూరుకు అవతల, కొల్లేటి ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో చర్చి ఆవరణలో బండి నిలుపుకుని ఐదు రోజులైంది. వంట, పడక, స్నానం అన్నీ ఆ బండిలోనే. ఊరు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టేసింది. ఇద్దరివీ బైబిలు పేర్లే కావడంతో వాళ్ళు ఊరికి యోహాను గారు, మార్తమ్మ గారు అయిపోయారు. ఈ రోజు తెలతెలవారుతుండగా యోహాను గాలి ఊదుకునే పడవ వేసుకుని, పిట్టల ఫొటోల కోసం ఒక్కడే కొల్లేట్లోకి వెళ్ళాడు. నీళ్ళలో తడుస్తుందని చెవి మిషను బండిలోనే పెట్టి వెళ్ళాడు. అది లేకపోతే ఆయనకు చప్పుడు వినపడుతుంది గానీ మాట తెలియదు. ఆరుంబావుకి భార్యకు ఒక ఫొటో పంపాడు. కాసేపటికి పొగమంచు దిగింది. ఆ తర్వాత ఆయన ఫోను మోగలేదు.

ఫొటోలో గట్టు మీద గూడబాతులు బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక వరసగా నాటిన ఇనప ఊచలు, వాటి మీదుగా మోకాలెత్తున సన్నటి తీగ. తీగ మీద యోహాను తడిసిన ఎర్రకోటు ఆరేసుకున్నాడు. మార్తమ్మకు అది బట్టలారేసుకునే తీగలాగే కనబడింది. ఎంత బాగా ఆరేశాడో చూడమని నవ్వబోయింది కూడా. హెప్సిబాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ తీగ ఏ చెరువుదో, ఫొటో తీగకు లోపలి పక్క నుంచి తీసిందని కూడా ఆమెకు తెలుసు. ఆమె మొగుడు ఏసుకుమార్ నాలుగేళ్ళుగా కాపలా కాస్తున్న చెరువు అది. హనుమంతరావు గారిది. పక్షుల కోసం ప్రభుత్వం గీసిన హద్దుకు లోపల తవ్వించారు గనక కాగితాల మీద ఆ చెరువు లేదు. చెరువే లేనప్పుడు దాని చుట్టూ తీగ లేదు. తీగే లేనప్పుడు చేపల దొంగలకీ నీటికుక్కలకీ భయపడి ఆ తీగలోకి కరెంటు వదలడం అనేది అసలే లేదు. ఈ లేనివాటి గురించి ఎక్కడా నోరు విప్పనని ఏసుకుమార్ పెళ్ళాం చేత బైబిలు మీద ప్రమాణం చేయించుకున్నాడు.

అదృష్టం ఏమిటంటే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి మూడు రోజులైంది. ఊరంతా ఇల్లుబండి పైనున్న సోలారు పలకల దయవల్ల ఫోన్లకు చార్జింగు పెట్టుకుంటోంది. కరెంటు లేదు గనకే యోహాను ఆ తీగ మీద కోటు ఆరేసి కూడా బతికి ఉన్నాడు. దురదృష్టం ఏమిటంటే కొత్త ట్రాన్స్‌ఫార్మరు రాత్రే వచ్చింది. తొమ్మిదికల్లా లైను ఇచ్చేస్తామని లైన్‌మన్ చెప్పి వెళ్ళాడు.

హెప్సిబా ఫోనులో టైము చూసింది. ఏడున్నర. ఏసుకుమార్‌కు ఫోను చేసింది. స్విచాఫ్. రెండు రోజులుగా చెరువు షెడ్డులోనే ఉన్న మనిషి ఫోనుకు చార్జింగు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మార్తమ్మ ఆమె మొహం చూసి ఏమైందని అడిగింది. ఆ చోటు తనకు తెలుసని, వెళ్ళి తీసుకొద్దామని హెప్సిబా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. తీగ సంగతి చెప్పలేదు. తీరా వెళ్ళేసరికి ఆయన అక్కడ ఉండకపోతే, దారి తప్పి ఇంకెక్కడో కిక్కిస గడ్డిలో చిక్కుకుని ఉంటే, ప్రమాణం ప్రమాణంలాగే ఉంటుంది, మొగుడు మొగుడిలాగే ఇంట్లో ఉంటాడు. ఆమె ఆశ అదీ. ఆశ అంటున్నాను గానీ అది పిరికితనమేనని ఆమెకూ తెలుసు.

ఆ పూట ఒడ్డున ఉన్న పడవ సత్యవేణిది ఒక్కటే. సత్యవేణి నలభై అయిదేళ్ళ మనిషి. ఆమె మొగుడు తాతాజీ కిందటేడు దీపావళి ముందు ఇదే కొల్లేట్లో ఫిట్సు వచ్చి పడవలోంచి పడిపోయి చనిపోయాడు. గుర్రపు డెక్కలో చిక్కుకున్న శవాన్ని రెండో రోజుకు గాని తియ్యలేకపోయారు. అప్పటినుంచి అతని వలలూ అతని గడా ఆమెవే. ఫారిన్ ఆయన తప్పిపోయాడని చెప్పగానే సత్యవేణి మారుమాట లేకుండా కొంగు బిగించి గడ అందుకుంది.

పడవ పది బారలు వెళ్ళేసరికి ఊరు మాయమైంది. ముందున్న మార్తమ్మ తెల్లజుట్టు కూడా సరిగా కనిపించనంత మంచు. మార్తమ్మ లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు చించుకుని పిలిచింది.

"ఏవండీ..."

ఇది హెప్సిబా చేసిన నిర్వాకం. మూడో రోజు సాయంత్రం ఒడ్డున ఆడవాళ్ళు పడవల్లో ఉన్న మొగుళ్ళను కేకేసి పిలుస్తుంటే, ఆ మాటకు అర్థమేమిటని మార్తమ్మ అడిగింది. మొగుణ్ణి అలాగే పిలవాలి అంది హెప్సిబా, వేళాకోళంగా. మార్తమ్మ పట్టుదలగా నేర్చుకుంది. టీ తాగమనాలన్నా ఏవండీ, కుర్చీ వెయ్యమనాలన్నా ఏవండీ. యోహాను కూడా ముచ్చటపడి చెవి మిషను సర్దుకుంటూ "ఆఁ" అనేవాడు. ఊరి ఆడవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చిన వేళ ఆమె నోటికి ఆ మాటే వచ్చింది.

ఎడమ పక్క నుంచి ఒక మగగొంతు పలికింది. "ఆఁ... ఇటున్నా."

మార్తమ్మ ఆనందంతో అటు చెయ్యి చూపించింది. సత్యవేణి గడ ఆపి, అది ఫారిన్ ఆయన గొంతు కాదే అమ్మాయ్ అంది. హెప్సిబా వినిపించుకోలేదు. ఆయనే అయి ఉంటాడు, పోనీ అక్కా అని తొందరపెట్టింది. పోయి చూస్తే బెంజమిన్. వలలు ఎత్తుకుంటున్నాడు. పెళ్ళాం చద్దన్నం తెచ్చిందేమో అనుకుని పలికాడట. మంచులో ఆడగొంతులన్నీ ఒకటేగా అన్నాడు. యోహానును తను చూడలేదన్నాడు.

మళ్ళీ పిలుపు. ఈసారి కుడి పక్క నుంచి పలికారు. పోయి చూస్తే ఇంకెవరి మొగుడో. మూడోసారి దూరంగా, కిక్కిస దుబ్బుల అవతల నుంచి. కొల్లేట్లో ఆ పూట ఎంతమంది మొగుళ్ళున్నారో అందరూ పలికారు, కావలసిన ఒక్కడు తప్ప. ప్రతిసారీ సత్యవేణి వద్దంటూనే ఉంది. ప్రతిసారీ హెప్సిబా పడవను అటే తిప్పించింది. ఆ గొంతు యోహానుదే కావాలని, ఆయన ఆ చెరువు దగ్గర ఉండకూడదని ఆమె మనసు పట్టుబట్టింది.

మూడో మనిషి కూడా తల అడ్డంగా ఊపాక హెప్సిబా ఫోను చూసుకుంది. ఎనిమిదీ ఇరవై. యాభై నిమిషాలు పోయాయి.

మార్తమ్మ ఇక పిలవలేదు. పడవ అంచు పట్టుకుని కూర్చుని, ఆ మాట అందరిదీనా అని మెల్లగా అడిగింది. అవునంది హెప్సిబా. మీ ఆయన్ని పేరు పెట్టి పిలవండి అంది. మార్తమ్మ పిలవబోయింది గానీ నోటికి మళ్ళీ ఆ ఏవండీయే వచ్చి ఆగిపోయింది.

అప్పుడు హెప్సిబా సత్యవేణి వైపు తిరిగింది. "అక్కా, హనుమంతరావు గారి చెరువు గట్టుకి పోనీ. తిన్నగా."

సత్యవేణి ఆమెను ఒక్క క్షణం చూసింది. ముందే ఎందుకు చెప్పలేదని అడగలేదు. గడ ఎత్తి లోతుగా దించింది.

ఆ పావుగంటా హెప్సిబాకు ఏ దేవుడి మాటా నోటికి రాలేదు. ఆదివారం బళ్ళో పిల్లలకు నేర్పే కీర్తనల్లో ఒక్క చరణం కూడా గుర్తుకు రాలేదు. తీగ మీద ఆరేసిన ఎర్రకోటే కళ్ళముందు ఆడింది. పొద్దున్న ముట్టుకుంటే ఏమీ కాలేదు గనక ఆయన మళ్ళీ ముట్టుకుంటాడు. వచ్చేటప్పుడు ఆ కోటు తీసుకోకుండా రాడు.

గట్టు చేరేసరికి ఎనిమిదీ ముప్ఫై అయిదు. గట్టు మీద రేకుల షెడ్డు మసగ్గా కనబడింది. హెప్సిబా పడవ ఆగకముందే మోకాలిలోతు నీళ్ళలోకి దూకి పైకి ఎక్కింది. ఏసుకుమార్ షెడ్డు ముందు చుట్ట కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. ఇంత పొద్దున్నే పెళ్ళాన్ని అక్కడ చూసి లేచి నిలబడ్డాడు.

"ఏవండీ, ఫారిన్ ఆయన మన చెరువులోకి వచ్చాడు. తీగ దాటి లోపలికి దిగాడు. తీగ స్విచ్చి కట్టెయ్యండి."

అతను చుట్ట కింద పడేశాడు. ఎవరు చెప్పారన్నాడు. ఫొటో సంగతి చెప్పింది. ఫొటోలో తీగ పడిందా అని అడిగాడు. మనిషి ఉన్నాడా పోయాడా అని కాకుండా ముందు ఆ మాట అడిగినందుకు హెప్సిబాకు ఒళ్ళు మండిపోయింది. పడింది, ఊచలతో సహా పడింది అంది.

"ఆ ఫోను ఎక్కడుంది?"

"ఆవిడ దగ్గరే ఉంది. పడవలో ఉంది ఆవిడ. అదికాదండీ, ముందు స్విచ్చి సంగతి చూడండి."

ఏసుకుమార్ తల పట్టుకున్నాడు. స్విచ్చి తన చేతిలో లేదన్నాడు. ఏడాది కిందట దాన్ని షెడ్డులోంచి తీయించి, అవతలి గట్టు మీద ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఇనప పెట్టెలో పెట్టించారట. తాళం హనుమంతరావు గారి దగ్గరే ఉంటుందట. లైను రాగానే చేపలకి గాలి కొట్టే ఏరియేటర్లతో పాటు తీగలోకీ కరెంటు దానంతటదే వచ్చేస్తుందట.

"ఎందుకు తీయించారు?" అంది హెప్సిబా.

అతను కింద పడ్డ చుట్టను కాలితో నలిపాడు.

"మూడేళ్ళు మీ చేతిలో ఉన్న స్విచ్చి ఎందుకు తీసేశారండీ? ఏం జరిగింది?"

"నేను కట్టెయ్యడం మర్చిపోయాను హెప్సీ," అన్నాడతను. "తెల్లారగానే కట్టెయ్యాలి. ఆ రోజు నిద్ర పట్టేసింది. లేచేసరికి తాతాజీ అన్న తీగ మీద ఉన్నాడు."

హెప్సిబాకు ఆ మాట తలకెక్కడానికి కాస్త టైము పట్టింది. "ఫిట్సు వచ్చి కదా పోయాడు?"

"అన్నకి ఫిట్సు ఏంటే? పుట్టి బుద్ధెరిగి ఎప్పుడన్నా వచ్చాయా? హనుమంతరావు గారు అలా చెప్పమన్నారు. కరెంటు కట్టేసి, అన్నని పడవలో వేసుకుని తీసుకెళ్ళి డెక్కలోకి తోసింది నేనే. ఇప్పుడు ఈ తెల్లాయన సంగతి బయటపడితే పోలీసులొస్తారు, ఫారెస్టోళ్ళొస్తారు. తవ్వేకొద్దీ అన్న సంగతీ వస్తుంది. నన్ను జైల్లో వేస్తారు, ఆయన్ని కాదు. ఆయనకి ఇక్కడ చెరువే లేదు."

గట్టు కింద నీళ్ళలో ఏదో కదిలింది. ఇద్దరూ తల తిప్పారు. అతను అంతదాకా చూడనేలేదు. మంచులో, పది అడుగుల దూరంలో, పడవ కొస మీద సత్యవేణి గడ పట్టుకుని నిలబడి ఉంది.

ఎంత భయం వేసినా మనిషికి ఎక్కడో ఒకచోట అది ఆగుతుంది. హెప్సిబాకు అప్పుడు ఆగలేదు. సత్యవేణి గట్టెక్కి వస్తుంటే ఆ చేతిలోని గడ తన మొగుడి తల మీద పడుతుందనే అనుకుంది. పడితే తను అడ్డం వెళ్ళదని కూడా ఆ క్షణంలో తెలిసింది. అది తెలిసినందుకు ఇంకా భయం వేసింది.

సత్యవేణి ఏసుకుమార్ ముందుకొచ్చి ఆగింది. మొహంలో రక్తపుచుక్క లేదు.

"ఎన్నింటికి?" అంది.

"వదినా..."

"ఎన్నింటికి పోయాడు?"

"ఏడింటికి. ఏడు దాటింది."

"ఎనిమిదింటిదాకా పిలిచాను నేను. రేవులో నిలబడి. ఎవరో పలికారు కూడా. నేనొచ్చేత్తాను అన్నంపెట్టు అని వినబడింది. ఇంటికెళ్ళి అన్నం పెట్టుకుని కూర్చున్నాను." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నా సంగతి తర్వాత ఏసుకుమారూ. నేనెక్కడికీ పోను. ముందు ఆవిడ మొగుడి సంగతి చూడు."

హెప్సిబా తన ఫోను ఏసుకుమార్ చేతిలో పెట్టి, హనుమంతరావు గారికి చెయ్యండి అంది. అతను నొక్కాడు. స్పీకరు పెట్టమంది హెప్సిబా. పెట్టాడు.

హనుమంతరావు గారు కాఫీ తాగుతున్నట్టున్నారు. గొంతు తీరిగ్గా ఉంది. ఏసుకుమార్ చెప్పిందంతా అడ్డుపడకుండా విన్నారు. విని, చాలా మెత్తగా అన్నారు.

"ఏ చెరువయ్యా? అక్కడ మనకి చెరువెక్కడుంది? మంచులో ఉండి ఉండి నీకు మతి చలించినట్టుంది. ఇంటికెళ్ళి పడుకో."

ఫోను పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. లైన్‌మన్‌కు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఎనిమిదీ నలభై రెండు.

ఏసుకుమార్ ఫోను పెళ్ళానికి ఇచ్చేశాడు. షెడ్డులోకి వెళ్ళి కటింగు ప్లేయరు తీసుకొచ్చాడు. రబ్బరు తొడుగు ఒక పిడికే ఉంది, రెండోది ఎప్పుడో ఊడిపోయింది. పెట్టెలోంచి తీగ బయటికి వచ్చేచోట కోసేస్తే చుట్టూతా తీగలో కరెంటు పోతుందన్నాడు. అరమైలు పరుగెత్తాలన్నాడు. అతను తువ్వాలు తీసి ఆ ఊడిపోయిన పిడికి చుట్టుకుంటుంటే హెప్సిబా గమనించింది. ఆ తువ్వాలు మంచుకు తడిసి ఉంది.

"లైను వచ్చాక ముట్టుకోకండి," అంది. "వచ్చిందని తెలిస్తే వదిలేసి వచ్చెయ్యండి."

అతను ఆమె వైపు కాకుండా సత్యవేణి వైపు చూశాడు. మంచులోకి పరుగెత్తాడు. కాసేపు అడుగుల చప్పుడు వినబడింది. తర్వాత అదీ లేదు.

ఈలోగా మార్తమ్మ గట్టెక్కి వచ్చింది. తెలుగు రాకపోయినా మొహాలు చదవడానికి భాష అక్కర్లేదు. తీగ, కరెంటు, ముట్టుకుంటే చావు అని హెప్సిబా చేతులతోనూ ఇంగ్లీషుతోనూ చెప్పింది. అన్నీ చెప్పింది. ప్రమాణం ఏమైందో ఆమెకు గుర్తే లేదు. మార్తమ్మ అరవలేదు, ఏడవలేదు. వచ్చి హెప్సిబా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

ముగ్గురూ తీగకు నాలుగడుగుల ఇవతల నిలబడ్డారు. అవతల చెరువు కనబడటం లేదు. ఊచలు మాత్రం అయిదారు కనిపించి తర్వాత మంచులో కలిసిపోయాయి. కుడిపక్క, ఆరో ఊచ దగ్గర, ఎర్రగా కోటు వేలాడుతోంది.

నీళ్ళ మీద తెడ్డు పడిన చప్పుడు వినబడింది. ఒకటి, ఆగి మరొకటి. చెరువు లోపలే.

"యోహాన్!" అని మార్తమ్మ కేకపెట్టింది. ఈసారి పేరే వచ్చింది నోటికి. రావద్దు, అక్కడే ఆగు అని వాళ్ళ భాషలో గట్టిగట్టిగా అరిచింది. తెడ్డు చప్పుడు ఆగింది. అవతలి నుంచి ముసలి గొంతు సంబరంగా ఏదో జవాబిచ్చింది. తర్వాత తెడ్డు ఇందాకటికంటే జోరుగా పడసాగింది. దగ్గరకు వస్తోంది.

మార్తమ్మ ఇంకా గట్టిగా అరిచింది. తెడ్డు ఇంకా జోరయింది.

హెప్సిబాకు అప్పుడు అర్థమైంది. ఆయన చెవికి మాట తెలియదు, గొంతే తెలుస్తుంది. పెళ్ళాం ఎక్కడుందో ఆ గొంతే చెప్తోంది. వద్దని అరిచిన కొద్దీ ఆయన తిన్నగా ఇటే వస్తాడు, కోటు ఉన్న వైపే, తీగ మీదికే. హెప్సిబా సత్యవేణికి సైగ చేసింది. సత్యవేణి వెనకనుంచి మార్తమ్మను పొదివి పట్టుకుని అరచేత్తో నోరు మూసింది. మార్తమ్మ పెనుగులాడింది. పెనుగులాడి, అర్థమై, ఆగిపోయింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. తెడ్డు నెమ్మదించింది. ఆయన ఎటు రావాలో తెలియక వెతుక్కుంటున్నాడు.

అప్పుడే చెరువు నడిమధ్య నుంచి బుస్సుమని చప్పుడు పుట్టింది. మొదట ఒకటి, తర్వాత వరసగా అన్నీ. ఏరియేటర్లు నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టాయి. హెప్సిబా చేతిలో ఫోను ఎనిమిదీ నలభై ఎనిమిది చూపిస్తోంది. లైను ముందే ఇచ్చేశారు.

అవతలి గట్టు మీద, తడి తువ్వాలు చుట్టిన ప్లేయరుతో, ఆమె మొగుడు ఆ తీగ దగ్గరికి చేరి ఉంటాడు. ఏరియేటర్ల మోత అంతదూరం వినబడుతుందో లేదో తెలియదు. తను ఒక్క కేక పెడితే వినబడవచ్చు. ముట్టుకోకండి అని, వచ్చెయ్యండి అని, ఒక్క కేక.

ఆమె నోరు తెరిచింది. ఏ అన్న అక్షరం పెదవుల దాకా వచ్చింది.

ఎదురుగా మంచులో యోహాను గాలిపడవ ముక్కు బయటికి వచ్చింది. ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి, ఏ ఆడగొంతు పలుకుతుందా అని చెవి ఒగ్గి వింటున్నాడు. తీగ ఆయనకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

హెప్సిబా రెండు చేతులతో తన నోరు తనే మూసుకుంది.